చుక్కల చాటున అక్షరం: చేతిఫోనులో తెలుగు పాస్‌వర్డ్

హైటెక్ సిటీ దాటి రాయదుర్గం చేరే మెట్రోలో, పక్కవారి చూపుల మధ్య పాస్‌వర్డ్ కొట్టేవారికి చుక్కల ముసుగే రక్షణ. రోమను లిపికి అమరినట్లుగా ఆ ముసుగు తెలుగుకు అమరదు.

ఛందస్సు లెక్కలో ‘శ్రీలక్ష్మి’ మూడక్షరాలు. యూనికోడ్ హల్లునూ, పొల్లునూ, గుణింతపు గుర్తునూ విడివిడి కోడ్ పాయింట్లుగా నిల్వ చేస్తుంది కనుక అక్కడ అదే పేరు పదకొండు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017 మార్గదర్శకాలు, వాడుకరి ఎంచుకునే పాస్‌వర్డుకు కనీసం 8 క్యారెక్టర్లు ఉండాలంటూ, ఒక్కో కోడ్ పాయింటునూ ఒక్కో క్యారెక్టరుగా లెక్కించమన్నాయి. ఇంటింటా వినబడే పేరు ఈ నిడివి పరీక్షలో అవలీలగా నెగ్గుతుంది! తేలికగా ఊహించగల మాటలను తిరస్కరించాలనీ ఆ మార్గదర్శకాలే చెప్పాయి. ఆ జాబితాలో తెలుగు పేర్లు చేర్చేదెవరు?

భద్రత ఇలా పలచబడగా, సౌలభ్యమూ దక్కదు. మూడక్షరాలు రాసినవారికి పదకొండు చుక్కలు కనబడితే ఒత్తు పడిందో లేదో తేల్చుకోలేరు. చివరి క్యారెక్టరును క్షణకాలం చూపే ఏర్పాటు చాలా ఫోన్లలో ఉంది. హల్లు నుండి విడివడిన పొల్లు కనబడి ప్రయోజనమేమి? మొత్తం పదాన్ని బయటపెట్టే కంటి గుర్తు పక్కవారికీ కన్నిస్తుంది. నిడివిని అక్షరాలలో కొలవాలి; క్షణకాలం చూపేదైనా పూర్తి అక్షరమే కావాలి.