అపరాధం నుంచి పుట్టిన మృగం: తక్కువ వ్యయపు తెలుగు చిత్రాల్లో భయానక జంతువు – ఒక పరిశీలన

ప్రస్తావన

మాది పాములపాడు అని చెప్పగానే ఎదుటివారు అడిగే మొదటి ప్రశ్న ఊళ్లో పాములు ఎక్కువా అన్నదే. గ్రామనామాల్లో ‘పాడు’ ఊరిని సూచించే ఉత్తరపదమని పరిశోధకులకు తెలుసు. పూర్వపదంలో పాము ఉన్నంత మాత్రాన ఊరంతా పుట్టలే ఉండనక్కరలేదు. అయితే ఆ ప్రశ్న తర్వాత సాగే సంభాషణ ఆసక్తికరం. అడిగినవారు తాము చూసిన పామును గురించి చెప్పరు. పగబట్టిన పామును గురించి, మనిషి రూపం దాల్చిన పామును గురించి, పున్నమి రాత్రి వచ్చే పామును గురించి చెబుతారు. ఆ పాములు పొలం గట్టు మీద కనిపించినవి కావు, తెర మీద కనిపించినవి.

భయం గొలిపే జంతువులతో తక్కువ వ్యయంతో తీసిన చిత్రాలను మన విమర్శ సాధారణంగా ‘చవకబారు వినోదం’ అని పక్కన పెడుతుంది, లేదా ‘ఆ రోజుల్లోనే ఎంత ట్రిక్కు చేశారో’ అని మెచ్చుకుని ఊరుకుంటుంది. ఈ రెండు వైఖరులూ ఒక ప్రశ్నను దాటవేస్తున్నాయి. బొమ్మ బొమ్మేనని ప్రేక్షకుడికి తెలుస్తున్నా భయం ఎలా నిలిచింది? దీనికి సమాధానం సాంకేతికతలో కాక, ఆ చిత్రాలు ఎంచుకున్న భయం స్వభావంలో ఉందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. ఇందుకు ‘జగన్మోహిని’ (1978), ‘పున్నమి నాగు’ (1980) ప్రధాన ఆధారాలు. ‘దేవి’ (1999), ‘మృగరాజు’ (2001), ‘ఈగ’ (2012) తక్కువ వ్యయపు చిత్రాలు కావు. ప్రతిపాదనను పరీక్షించడానికి మాత్రమే వాటిని తీసుకున్నాను.

భయానకంలో మూడు తెగలు

నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో భరతుడు భయానక రసానికి చెప్పిన విభావాలలో వికృతమైన ధ్వని, భూతాది సత్త్వాల దర్శనం, నక్కలు, గుడ్లగూబలు, శూన్యగృహం, అరణ్యప్రవేశం ఉన్నాయి. హాస్యానికి చెప్పిన విభావాలలో వికృతమైన వేషం, వికృతమైన అలంకారం ఉన్నాయి. అంటే ‘వికృతి’ రెండు రసాలకూ వాకిలి. ఒకే వికృత రూపం ఒకరికి భయం, మరొకరికి నవ్వు కలిగించడం, లేదా ఒకే ప్రేక్షకుడికి వెంటవెంటనే రెండూ కలిగించడం శాస్త్రానికి కొత్త కాదు. రసాభాసం ఏ రసానిదైనా హాస్యానికి దారి తీస్తుందన్న అభినవగుప్తుని వివరణ ఇక్కడ గుర్తుంచుకోదగింది. అట్టతో చేసిన రాక్షస జంతువును చూసి హాలు గొల్లుమనడం భయానకాభాసమే.

ఇంతకన్నా కీలకమైన విషయం మరొకటి అదే అధ్యాయంలో ఉంది. భయానకాన్ని భరతుడు మూడు విధాలుగా విభజించాడు: వ్యాజం వల్ల, అంటే నటన వల్ల కలిగేది, అపరాధం వల్ల కలిగేది, విత్రాసితకం, అంటే ఎదుట ఉన్న ప్రమాదానికి బెదరడం వల్ల కలిగేది. భయపెట్టే జంతువుల చిత్రాలను చదవడానికి ఈ విభజనలోని చివరి రెండు తెగలు మంచి కొలబద్ద. జంతువు ఎదుట ఉన్నందువల్ల భయపడుతున్నామా, తప్పు చేసినందువల్ల భయపడుతున్నామా అన్నదే తేడా.

పాశ్చాత్య తెర: ఎదుట ఉన్న ప్రమాదం

అమెరికాలో 1950ల నుంచి వచ్చిన పెను జంతువుల చిత్రాలు ప్రధానంగా విత్రాసితకం మీద నడిచాయి. ‘దెమ్!’ (1954)లో అణుపరీక్షల ఫలితంగా చీమలు పెరిగి పెద్దవవుతాయి. ‘టరాంటులా’ (1955)లో ప్రయోగశాల నుంచి తప్పించుకున్న సాలీడు పెరుగుతుంది. ‘పిరానా’ (1978)లో సైన్యం పెంచిన చేపలు నదిలోకి చేరతాయి. మూలంలో మనిషి తప్పిదం ఉంటుంది, కాని అది శాస్త్రానిదో ప్రభుత్వానిదో. చీమకు ఎవరి మీదా కక్ష ఉండదు. అది ఎదురుపడ్డవారినల్లా చంపుతుంది.

ఇలాంటి భయం బొమ్మ నమ్మదగినదిగా ఉంటేనే నిలుస్తుంది. ‘ది జయంట్ గిలా మాన్‌స్టర్’ (1959)లో మామూలు బల్లిజాతి ప్రాణిని బొమ్మ ఇళ్ల మధ్య నడిపించారు. అదే ఏడాది వచ్చిన ‘ది కిల్లర్ ష్రూస్’లో కుక్కలకు వేషం వేసి చుంచులుగా చూపారు. ‘నైట్ ఆఫ్ ది లీపస్’ (1972)లో పెను కుందేళ్లు ఊరి మీద పడతాయి. ఈ చిత్రాలను నేడు అభిమానులు నవ్వుకోవడానికే చూస్తారు. బొమ్మ తేలిపోగానే ప్రమాదం తేలిపోయింది, దానితో భయమూ పోయింది. ‘జాస్’ (1975) చిత్రీకరణలో యాంత్రిక సొరచేప పదే పదే మొరాయించడంతో దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్ దాన్ని చాలాసేపు చూపకుండానే కథ నడిపాడు. బొమ్మను దాచడమే ఆయనకు దొరికిన దారి.

విఠలాచార్య తెర: జంతువైన మనిషి

విఠలాచార్య (1920–1999) బొమ్మను దాచలేదు. ఉడుపి ప్రాంతం నుంచి వచ్చి తెలుగులో ‘జానపద బ్రహ్మ’గా పేరు పొందిన ఈ దర్శకుడు పరిమిత వ్యయంతో, వేగంగా చిత్రాలు తీసినవాడు. ఆయన తెర మీద అస్థిపంజరాలు నడుస్తాయి, మనుషులు పశుపక్ష్యాదులవుతారు. ఈ మాయలకు ఆధారం కెమెరా ఆపి మళ్లీ నడపడం, ఒక దృశ్యం మీద మరొకటి ముద్రించడం, నమూనా బొమ్మలు వాడటం వంటి సరళమైన పద్ధతులే. అవి తెలిసిపోతూనే ఉంటాయి.

సినీ వర్గాల్లో ఒక ఉదంతం బహుళ ప్రచారంలో ఉంది. నటులు పారితోషికం గురించో కాల్‌షీట్ల గురించో పేచీ పెడితే ఆయన వారి పాత్రలను శాపం పేరిట చిలుకగానో కోతిగానో మార్చి చిత్రీకరణ సాగించేవారట. దీన్ని పొదుపరితనానికి దృష్టాంతంగా చెప్పి నవ్వుకుంటారు. నిజానిజాలు ఎలా ఉన్నా, ఆ ఉదంతం ఆ చిత్రాల కథనసూత్రాన్ని సరిగ్గా పట్టిస్తుంది. ఆ తెర మీది జంతువు ఒకప్పుడు మనిషి. దానికి గతం ఉంది, రావలసిన బాకీ ఉంది. చిలుక నిజమైన చిలుకలా ఉందా అని ప్రేక్షకుడు పరీక్షించడు. ఆ చిలుక ఎవరో అతనికి తెలుసు.

‘జగన్మోహిని’లో జయమాలిని ధరించిన మోహిని పాత్ర మోసపోయి మరణించిన స్త్రీ ప్రేతం. ఆమె తన కాళ్లనే పొయ్యిలో కట్టెలుగా పెట్టి వంట చేసే దృశ్యం తెలుగు ప్రేక్షకులకు తరతరాలుగా గుర్తుండిపోయింది. ఆ దృశ్యంలోని ట్రిక్కు ఎవరికీ అంతుపట్టనిది కాదు. అయినా హాలులో నవ్వు, వణుకు పక్కపక్కనే కలుగుతాయి. వికృతి నవ్విస్తుంది. ఆమెకు జరిగిన ద్రోహం నవ్వును దాటి నిలుస్తుంది. ఈ భయం అపరాధజన్యం కనుక బొమ్మలో లోపం దాన్ని తాకలేదు.

ఏవీఎం నిర్మాణంలో రాజశేఖర్ దర్శకత్వం వహించిన ‘పున్నమి నాగు’ కన్నడ చిత్రం ‘హుణ్ణిమెయ రాత్రియల్లి’కి పునర్నిర్మాణం. ఇందులో పెను పాము అవసరమే రాలేదు. పాములు పట్టేవాడి కొడుకు నాగులు (చిరంజీవి) చిన్ననాటి నుంచి విషం ఎక్కించబడి పెరుగుతాడు. పున్నమి రాత్రులలో అతనిలో సర్పస్వభావం పైకొస్తుంది. అతనితో కలిసిన స్త్రీలు మరణిస్తారు. ఇక్కడ జంతువు నటుడి శరీరమే, అపరాధం తండ్రిది. ప్రేక్షకుడు నాగులును చూసి భయపడుతూనే అతని కోసం జాలిపడతాడు. విత్రాసితక భయంలో ఈ జాలికి తావు ఉండదు. అణుధార్మికతతో పెరిగిన చీమ కోసం ఎవరూ కన్నీరు పెట్టరు.

మూడు పరీక్షలు

ఈ ప్రతిపాదన నిలవాలంటే సాంకేతికత మారిన తర్వాత కూడా అది పనిచేయాలి. కోడి రామకృష్ణ ‘అమ్మోరు’ (1995)తో తెలుగు తెర మీద గ్రాఫిక్స్‌కు కొత్త స్థానం వచ్చింది. ఆయనే తీసిన ‘దేవి’లో నాగదేవత ప్రేమ రూపంలో భూమికి వస్తుంది. అయితే కథను నడిపేది ఆమె ఆకారం కాదు, తనను కాపాడిన స్త్రీకి ఆమె పడిన ఋణం. పగ తిరగబడి కృతజ్ఞత అయింది. లెక్క మాత్రం మారలేదు.

గుణశేఖర్ ‘మృగరాజు’ దీనికి వ్యతిరేక దృష్టాంతం. అందులో నరమాంసానికి మరిగిన సింహం శుద్ధంగా విత్రాసితక జంతువు. ‘ది ఘోస్ట్ అండ్ ది డార్క్‌నెస్’ (1996) ఛాయలు అందులో స్పష్టం. పెద్ద తారాగణం, పెద్ద వ్యయం ఉన్నా చిత్రం ఆశించిన ఆదరణ పొందలేదు. ఒక చిత్రం జయాపజయాలకు కారణాలు అనేకం కనుక దీన్ని నిరూపణగా చెప్పను. కాని ఆ సింహానికి తెలుగు ప్రేక్షకుడితో పాత లెక్క ఏదీ లేదు. మన అడవుల్లో సింహమే లేదు.

రాజమౌళి ‘ఈగ’ అన్నింటికంటే తీవ్రమైన పరీక్ష. హత్యకు గురైన యువకుడు ఈగగా పుట్టి హంతకుణ్ణి వెంటాడతాడు. పెను జంతువు స్థానంలో అత్యల్ప జంతువును నిలిపినా భయం పనిచేసింది. అపరాధం ఎంత పెద్దదైతే ఈగ అంత పెద్దది. సుదీప్ పోషించిన హంతకుడు ఈగకు వణకడం నవ్వు పుట్టిస్తుంది, ఆ వణుకు న్యాయమని తోస్తుంది కూడా.

నల్లమల అంచున

ఈ లెక్క సినిమా కనిపెట్టినది కాదు. పాములపాడు ఉన్న నంద్యాల జిల్లాలోనే యాగంటి ఉంది. అక్కడి రాతి బసవన్న పెరుగుతున్నాడని, కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని వీరబ్రహ్మం కాలజ్ఞానం పేరిట జనం నమ్ముతారు. అది పెరిగే పెను జంతువే. కాని దాన్ని పెంచేది రసాయనం కాదు, పోగుపడుతున్న కాలం, అధర్మం. ఆళ్లగడ్డ పక్కన అహోబిలంలో కొలువైన ఉగ్రనరసింహుడు హిరణ్యకశిపుని అపరాధానికి సమాధానంగా వెలసిన మృగరూపం. ఈ నేల మీద పెద్ద జంతువు అంటే పెద్ద లెక్క.

దీనిలో ఒక మేలు ఉంది. ‘జాస్’ తర్వాత సొరచేపల మీద పెరిగిన ద్వేషానికి బాధపడి, మూలనవల రాసిన పీటర్ బెంచ్లీ సముద్రజీవుల రక్షణకు పనిచేశారు. మన చిత్రాలు పామును జాతిశత్రువుగా నిలపలేదు. పుట్టలో పాలు పోసిన చేతులకు దాన్ని దూరం చేయలేదు.

కాని ఒక కీడూ ఉంది, దాన్ని మన విమర్శ పట్టించుకోలేదు. 2000 నుంచి 2019 వరకు దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో మరణించారని, అంటే ఏడాదికి సగటున 58,000 మంది అని, 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. మరణాలు అధికంగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చనిపోయేవారిలో అత్యధికులు పల్లెవారు, దాదాపు సగం మరణాలు వానకాలంలోనివి. అంటే పొలం పనుల రోజుల్లోవి. చంపేది తెర మీది పెను సర్పం కాదు. తెర నిండా పరుచుకునే కొండచిలువకు విషమే లేదు, రెండడుగులకు మించని చిన్న పింజరికి ఉంది. ఆ పాముకు ఎవరి మీదా పగ లేదు. అది కాలికింద పడింది, కరిచింది.

పాముకు పగ ఉందని నమ్మే చోట కాటుపడినవాడు ముందుగా వినే మాట ‘ఏం పాపం చేశావో’ అన్నది. అపరాధజన్య భయం కథలో ద్రోహిని పట్టుకుంటుంది, పొలంలో నిరపరాధిని దోషిని చేస్తుంది. దోషం తీర్చుకోవడానికి మంత్రం దగ్గరకు నడిపించి, విరుగుడు మందు అందవలసిన సమయాన్ని తినేస్తుంది. ఈ మాట సినిమాను నిందించడానికి కాదు. తెర కన్నా ఈ నమ్మకం పాతది. కాని దానికి ఇంత బలమైన బొమ్మలు ఇచ్చినది తెరే.

ముగింపు

తక్కువ వ్యయపు తెలుగు చిత్రాల్లో భయానక జంతువు బలం దాని ఆకారంలో లేదు, దాని వెనుక ఉన్న అపరాధంలో ఉంది. అందుకే తేలిపోయిన ట్రిక్కులు ఆ భయాన్ని తేలిక చేయలేకపోయాయి. ఈ కారణంగా వాటిని పాశ్చాత్య చిత్రాల పేద అనుకరణలుగా చూడటం సరికాదు. భరతుడు వేరు చేసిన రెండు భయాల్లో అవి ఒకదాన్ని నిండుగా పోషించాయి. రెండో భయాన్ని, అంటే పగ లేని, గతం లేని, కేవలం ఎదురుపడిన ప్రాణి వల్ల కలిగే భయాన్ని, ఈ వ్యాసంలో చూసిన చిత్రాల్లో ‘మృగరాజు’ ఒక్కటే తాకింది, అదీ మన అడవిది కాని జంతువుతో. రాత్రి నీళ్లు కట్టడానికి చేతిలో టార్చిలైటుతో పొలానికి వెళ్లే మనిషిది ఆ భయమే. ఆ మనిషి భయాన్ని శిక్షగా కాక భయంగానే చూపగల కథ ఇంకా రావలసి ఉంది.