వేలికి పెట్టే క్లిప్పు చెప్పనిది

నేను సౌదీలోని అల్ ఖోబర్‌లో ఒక ఆసుపత్రిలో రెస్పిరేటరీ థెరపిస్టుని. వెంటిలేటర్లు, నెబ్యులైజర్లు, ఆక్సిజన్ మాస్కులు అన్నీ నా పనే అయినా, నాకు ప్రాణమైన పని మాత్రం ఏబీజీ తీయడం. మణికట్టు దగ్గర ధమనిలోంచి రక్తం తీసి, అందులో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ ఏపాటి ఉన్నాయో చూసే పరీక్ష అది. మామూలు పరీక్షలకు సిరలోంచి తీస్తారు. అది ఒళ్లంతా తిరిగి, ఆక్సిజన్‌ను దారి పొడవునా పంచేసి వచ్చిన రక్తం. ఊపిరి సంగతి తెలియాలంటే, ఊపిరితిత్తుల్లోంచి ఎడమ గుండెకు చేరి అక్కణ్ణుంచి బయల్దేరిన తాజా రక్తమే కావాలి.

చెయ్యి వెల్లకిలా పెట్టించి, మణికట్టు కింద తువ్వాలు చుట్టి పెడతాను. ముందు అలెన్ టెస్ట్. పిడికిలి బిగించమని రెండు ధమనులనూ నొక్కి పట్టుకుంటే అరచెయ్యి పాలిపోతుంది. చిటికెనవేలి వైపు ధమనిని వదిలేస్తే క్షణాల్లో ఎరుపు తిరిగి రావాలి. వస్తే, బొటనవేలి వైపు ధమనికి ఏమైనా చేతికి రక్తం అందుతుందని ధైర్యం. అప్పుడు రెండు వేళ్లతో నాడి వెతుక్కుని, అది ఎక్కడ గట్టిగా కొడుతుందో అక్కడ ఏటవాలుగా సూది దించుతాను. సరిగ్గా పడితే సిరంజి వెనక్కి లాగాల్సిన పనే లేదు. నాడి కొట్టినప్పుడల్లా రక్తం తనంతట తాను పైకి ఎగబాకుతుంది. ఊపిరితిత్తులు ఇచ్చిన రంగు, గుండె ఇచ్చిన తోపు, మోసుకొచ్చిన రక్తం, మూడూ ఆ ఒక్క మిల్లీలీటరులోనే కనిపిస్తాయి. ఎన్నిసార్లు చూసినా నాకు అది పాతబడలేదు.

ఆ తర్వాత హడావుడి. బుడగ ఉంటే వెంటనే తీసేయాలి, బయటి గాలి కలిస్తే లెక్క తప్పుతుంది. గుచ్చిన చోట ఐదు నిమిషాలు నొక్కి పట్టాలి. ఈలోగా సిరంజి యంత్రం దగ్గరికి వెళ్లిపోవాలి. సిరంజిలో ఉన్నా ఆ రక్తంలోని తెల్లకణాలు ఆక్సిజన్‌ను వాడుకుంటూనే ఉంటాయి. ఆలస్యమైతే మనం చూసేది రోగి ఊపిరిని కాదు.

కరోనా తర్వాత ప్రతి ఇంట్లోనూ పల్స్ ఆక్సీమీటరు చేరింది. జపాన్ ఇంజనీరు టకువో అయోయాగి 1970ల్లో కనిపెట్టిన ఆ సూత్రం ఎన్ని ప్రాణాలు కాపాడిందో చెప్పలేను. కానీ వేలికి 97 చూపిస్తే ఊపిరి బాగున్నట్టే అనుకుంటున్నారు. అక్కడే నా బాధ.

ఒకసారి జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒకాయన్ని తీసుకొచ్చారు. బహ్రెయిన్ వంతెన మీద ట్రక్కు నడుపుతాడు. "చెల్లె, దమ్ము వస్తుంది. నాలుగు మెట్లెక్కితే కూసుండిపోవుడే" అన్నాడు. వేలికి క్లిప్పు పెడితే 97. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. నాడి మాత్రం 120 దాటి పరుగెడుతోంది. ఏబీజీ కాగితం మీద ఆక్సిజన్ పీడనం 94, వంక పెట్టడానికి లేదు. కిందకొచ్చేసరికి హిమోగ్లోబిన్ 5.9. మొలల వల్ల నెలల తరబడి రక్తం పోతున్నా, ఉద్యోగం పోతుందన్న భయంతో ఎవరికీ చెప్పలేదట.

గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో 15 గ్రాములున్న మనిషికి అందులో ఆక్సిజన్ 20 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. ఆయనకు ఎనిమిది కూడా లేదు. క్లిప్పు చెప్పేది ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం నిండిందన్నది మాత్రమే, అసలు ఎంత ఉందన్నది కాదు. "అన్నా, బండ్లన్నీ నిండుగానే పోతున్నాయి, కానీ సగానికి పైగా బండ్లు షెడ్డులోనే లేవు. అందుకే ఉన్న బండ్లనే గుండె రెట్టింపు ట్రిప్పులు తిప్పుతోంది" అంటే వెంటనే అర్థం చేసుకున్నాడు. మాస్కు పెడితే ఆయనకు ఒరిగేది కొంచెమే. కావాల్సింది రక్తం. అది ఎక్కించాక నాడి నెమ్మదించింది.

ఈ తూర్పు తీరంలో రక్తం మాట ఇంకో రకంగానూ వస్తుంది. ఖోబర్‌కు ఉత్తరాన కతీఫ్, దక్షిణాన అల్ అహ్సా సికిల్ సెల్ జబ్బు ఎక్కువగా ఉన్న చోట్లు. ఆక్సిజన్ తగ్గితే చాలు, ఆ హిమోగ్లోబిన్ అతుక్కుపోయి ఎర్రకణం కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. ఆ ఇరుకు ఊపిరితిత్తుల్లో జరిగితే రోగి నా దగ్గరికి వస్తాడు. అప్పుడు ఊపిరితిత్తులు, గుండె, రక్తం మూడింటిలో ఏది ముందు దెబ్బతిందో విడదీయడం కష్టం. ఇక్కడి సికిల్ జన్యువు, మన దేశంలోని గిరిజనుల్లో కనిపించేది ఒకే రకం. దాన్ని అరబ్-ఇండియన్ రకం అంటారు. 1952లో నీలగిరి గిరిజనుల్లో ఈ లక్షణాన్ని గుర్తించిన హెర్మన్ లేమన్, 1963లో సౌదీ గురించి వెలువడిన పరిశోధనలోనూ ఉన్నాడు.

ఈ రోగులకు రోజూ ఇచ్చే చిన్న పసుపు మాత్ర ఫోలిక్ యాసిడ్. కొత్త ఎర్రకణాలు తయారవడానికి అది కావాలి. 1945లో లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని కృత్రిమంగా తయారు చేసిన బృందానికి పెద్ద, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అంతకు ముందు 1929లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి కండరం నుంచి, కణాలకు శక్తినిచ్చే ఏటీపీని వేరు చేసిందీ ఆయనే. మనం పీల్చిన ఆక్సిజన్ కణంలోకి చేరి చేసే పని ఆ ఏటీపీని తయారు చేయడమే. ఆ మాత్ర చేతిలో పెట్టేటప్పుడు ఆయన పేరు చెప్పకుండా ఉండలేను.

పెళ్లికి ముందు సికిల్ సెల్ పరీక్షను సౌదీ 2004లో తప్పనిసరి చేసింది. మన దగ్గర జాతీయ మిషన్ 2023 జులై 1న మొదలైంది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వాళ్లకు పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. మా వదిన పాడేరు ఏజెన్సీలో ఏఎన్ఎం. పిల్లలు ఆయాసం అన్నా, కీళ్ల నొప్పులన్నా ముందు ఆ పరీక్ష రాయించమని ఫోన్లో ఆమెకు చెబుతుంటాను. పరీక్ష చేయించడం ఇప్పుడు పెద్ద పని కాదంటుంది ఆమె. కార్డు చేతికొచ్చిన ఆడపిల్ల ఇంట్లో దాన్ని పెళ్లిచూపులనాడు పెట్టె అడుగున దాచేస్తారు, ఆ ఇళ్లకే మళ్లీ మళ్లీ తిరుగుతున్నానంటుంది.