మాయకు మాటేది?

తస్లీమా నస్రీన్ ‘లజ్జ’ను అనువాదంలో మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం కన్నా ముందు దాని మీది నిషేధాన్నే చదివాను. మతం బెదిరించింది, ప్రభుత్వం లొంగింది, కాబట్టి ఇది గొప్ప నవలే అయ్యుండాలి అనుకున్నాను. రెండోసారి చదివినప్పుడు ఆ ‘కాబట్టి’ దగ్గర ఆగిపోయాను.

1992 డిసెంబర్‌లో అయోధ్యలో బాబ్రీ మసీదును కూల్చాక బంగ్లాదేశ్‌లో హిందువుల మీద దాడులు జరిగాయి. ఆ రోజుల్లో ఢాకాలోని ఒక హిందూ కుటుంబం ఏమైపోయిందన్నదే కథ. ఇంటిపెద్ద సుధామయ్ దేశం వదలనంటాడు. అతను నమ్మిన దేశం 1972 రాజ్యాంగంలో లౌకికవాదాన్ని మూలసూత్రంగా రాసుకుంది. 1977లో ఆ మాట తీసేశారు. 1988లో ఎర్షాద్ ప్రభుత్వం ఇస్లాంను రాజ్యమతం చేసింది. రాజ్యాంగంలో మాట మారితే అది ఒక ఇంటి గుమ్మం దాకా ఎలా వస్తుందో నస్రీన్ చూపించింది. దాడుల వివరాలు నివేదికల్లా పేర్చిన పేజీలు కథకు అడ్డుపడతాయి, నిజమే. కానీ ప్రభుత్వం పట్టించుకోని నష్టాలను ఎవరో ఒకరు లెక్కరాయాలి కదా!

నా పేచీ వేరే చోట. కూతురు మాయను ఏడుగురు ఇంట్లోంచి ఎత్తుకుపోతారు. ఆ తర్వాత తండ్రి కుమిలిపోవడం, అన్న సురంజన్ రగిలిపోవడం చదువుతాం. మాయ ఏమనుకుందో మనకు తెలియదు. సురంజన్ వీధిలోంచి షమీమా అనే సెక్స్‌వర్కర్‌ను తీసుకొచ్చి, ఆమె ముస్లిం కనక ఆమె ఒంటి మీద పగ తీర్చుకుంటాడు. షమీమా కథ అంతటితో సరి. మతాల పేరిట మగవాళ్ళ పోరు ఇద్దరు ఆడవాళ్ళ శరీరాల మీద జరిగింది. రచయిత్రి దాన్ని దాచలేదు. కానీ ఆ ఇద్దరికీ మాట మాత్రం ఇవ్వలేదు.

ఈ మాట అనడానికి మనకు చోటెక్కడ మిగిలింది? 1993లో బంగ్లాదేశ్ ప్రభుత్వం ‘లజ్జ’ను నిషేధించింది. ఇక్కడ హిందూత్వవాదులు అదే పుస్తకాన్ని ముస్లింల మీద ఆయుధం చేసుకున్నారు. ఒకరు చదవొద్దన్నారు, ఇంకొకరు షమీమా ఉన్న పేజీలు వదిలేసి చదివారు.

1994లో నస్రీన్ దేశం వదలాల్సి వచ్చింది. ఇక్కడా ఆమెకు అదే ఎదురైంది. ఆమె ఆత్మకథ మూడో భాగం ‘ద్విఖండిత’ను 2003లో పశ్చిమ బెంగాల్‌లోని వామపక్ష ప్రభుత్వం నిషేధించింది. 2005లో కలకత్తా హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. 2007 ఆగస్టు 9న ‘శోధ్’ తెలుగు అనువాదం ఆవిష్కరణకు హైదరాబాద్ ప్రెస్‌క్లబ్‌కు వస్తే మజ్లిస్ శాసనసభ్యులు, కార్యకర్తలు ఆమె మీద దాడి చేశారు. దాడి చేసినవాళ్ళతో పాటు పోలీసులు ఆమె మీదా కేసు పెట్టారు. రాజ్యమతం ఉన్న దేశంలోనూ లేని దేశంలోనూ ప్రభుత్వాలు లెక్కచేసిన ‘మనోభావాలు’ మగ నాయకులవే. ముస్లిం స్త్రీల మనోభావాలేమిటని ఎవరైనా అడిగారా?

బంగ్లాదేశ్ 2011లో లౌకికవాదాన్ని రాజ్యాంగంలోకి తిరిగి తెచ్చుకున్నా రాజ్యమతాన్ని తీసెయ్యలేదు.

నస్రీన్ రాసే హక్కు కోసం నిలబడాలి, ఆమె నవలతో పోట్లాడనూ పోట్లాడాలి. చాలాకాలం నేను మొదటి పనే చేస్తూ వచ్చాను. నిషేధం గురించి మాట్లాడీ మాట్లాడీ, మాయ గురించి అడగడానికి నాకు పదేళ్ళు పట్టింది.