భయమునకు భయము: క్లేర్ వీక్స్ గ్రంథమును గూర్చి

ఆస్ట్రేలియా దేశపు వైద్యురాలు క్లేర్ వీక్స్ 1962లో 'సెల్ఫ్ హెల్ప్ ఫర్ యువర్ నర్వ్స్' అను పుస్తకమును ప్రకటించెను. ఆమె మానసిక రోగముల నిపుణురాలు కాదు. పుస్తకము కూడ పండితుల కొరకు వ్రాసినది కాదు. అయినను అరువది సంవత్సరములు దాటిన పిమ్మట కూడ దానిని చదువువారున్నారు. సామాన్యమైన దిగులునకును, ఒక్కసారిగా విరుచుకొనిపడు భయమునకును గల భేదమును గుర్తించుటకు ఈ గ్రంథము హైస్కూలు ఉపాధ్యాయునకు ఎంతవరకు ఉపకరించును? దీనిని ఆ దృష్టితో పరిశీలించుట అవసరము.

ఈ భేదము కేవలము మాటలకు సంబంధించినది కాదు. పదవ తరగతి బాలిక ఒకతె ప్రార్థన సమయమున వరుసలో నిలుచున్నదనుకొనుడు. ఏ కారణమును లేకుండ గుండె దడదడ కొట్టుకొనును. ఊపిరి ఆడనట్లుండును. చేతివ్రేళ్లు తిమ్మిరెక్కును. ప్రాణము పోవుచున్నదేమో అను భయము కలుగును. ఇదంతయు కొద్ది నిమిషములలోనే ముంచుకొనివచ్చును. "పరీక్షల బెంగ, మంచినీళ్లు త్రాగి కూర్చో" అని మేష్టారు అనును. అరగంటలో ఆమె మామూలుగానే యుండును. కాని మరునాటినుండి ప్రార్థనకు రాదు. కొన్నాళ్లకు బస్సు ఎక్కుటకు జంకును. చివరకు బడి మానును. గాలి సోకినదని ఇంటివారు తాయెత్తు కట్టింతురు. ఇది ఒక వైపు పొరపాటు. రెండవ వైపు పొరపాటు ఇటీవలిది. పానిక్ ఎటాక్ అను మాట ఎంత ప్రచారములోనికి వచ్చినదనగా, లెక్కల పరీక్షకు ముందు రాత్రి నిద్రపట్టని ప్రతి విద్యార్థియు తనకు అదియే వచ్చినదని చెప్పుకొనుచున్నాడు. ఈ వ్యాసములో ఆ మాటకు హఠాద్భీతి అను పేరు వాడబడినది.

వీక్స్ మొదట జంతుశాస్త్రజ్ఞురాలు. కొన్ని బల్లిజాతులలో తల్లికిని పిండమునకును మధ్య ఏర్పడు మావిని గూర్చి ఆమె చేసిన పరిశోధన ప్రసిద్ధమైనది. యౌవనములో ఆమెకు క్షయ యున్నదని వైద్యులు పొరపాటున నిర్ణయించిరి. విశ్రాంతి పేరిట ఒంటరిగా గడపిన ఆ దినములలో గుండెదడ ఆమెను పట్టుకొనెను. మొదటి ప్రపంచ యుద్ధములో పాల్గొన్న మిత్రుడొకడు, కందకములలోని సైనికులకు కూడ భయముచేత గుండె అట్లే కొట్టుకొనెడిదని చెప్పినప్పుడుగాని ఆమెకు సంగతి బోధపడలేదు. గుండెలో దోషము లేదు. గుండెను చూచి కలిగిన భయమే గుండెను పరుగెత్తించుచున్నది! గ్రంథమునకు మూలమైన ఊహ ఇదియే.

ఆమె దీనిని భయము, ఎడ్రినలిన్, మరల భయము అను చక్రముగా వర్ణించినది. భయము కలుగగానే మూత్రపిండములపై నుండు గ్రంథులు ఎడ్రినలిన్‌ను రక్తములోనికి వదలును. గుండె వేగము హెచ్చును, చెమట పట్టును, శ్వాస త్వరితమగును. అవసరమునకు మించి ఊపిరి తీసినచో రక్తములోని బొగ్గుపులుసు వాయువు తగ్గిపోవును. అందుచేత తల తిరుగును, వ్రేళ్లు తిమ్మిరెక్కును. మనిషి ఈ మార్పులను చూచి, ఏదో ప్రమాదము జరుగుచున్నదని ఇంకను భయపడును. మొదట కలిగినది తొలి భయమనియు, దానిని చూచి కలిగినది మలి భయమనియు తర్వాతి పుస్తకములలో ఆమె మరింత స్పష్టముగా విడదీసి చెప్పినది. మొదటిది మన చేతిలో లేదు. రెండవది కొంతవరకు మన చేతిలోనిదే.

1962 నాటి గ్రంథములో బాధితులను ఆమె రెండు తెగలుగా విభజించినది. తమ శరీరములో కలుగు వికారములకే భయపడువారు ఒక తెగ. తీరని సమస్య, దుఃఖము, తప్పు చేసితినను భావన, వీనిచేత క్రుంగినవారు రెండవ తెగ. గ్రంథము మొత్తములో మిక్కిలి విలువైన భాగమిదియే. చాలమంది ఒత్తిడి బాగుగా ముదిరినచో హఠాద్భీతి యగునని తలంతురు. ఇది సరికాదు. భేదము మోతాదులో లేదు, భయము దేనివైపు తిరిగియున్నదను దానిలో నున్నది. దిగులుపడు విద్యార్థి మార్కులను గూర్చియో, ఫీజును గూర్చియో, తండ్రి కోపమును గూర్చియో ఆలోచించును. అది మెల్లగా పెరిగి, రోజులతరబడి యుండి, కారణము తొలగగానే సడలును. హఠాద్భీతిలో విద్యార్థి తన గుండెను, తన ఊపిరిని, తన మతిని గూర్చియే భయపడును. పరీక్ష హాలులో ఈ రెండును కలిసి రావచ్చును. ప్రశ్నపత్రము సులభముగా నున్నదని తెలియగానే దిగులు తగ్గును. హఠాద్భీతికి మాత్రము ప్రశ్నపత్రముతో పనిలేదు. గాఢనిద్రలోనుండి ఉలికిపడి లేచినప్పుడు కూడ అది రావచ్చుననగా, ముందుగా ఒక ఆలోచన యుండి తీరవలెనను నియమము లేదన్నమాట.

వైద్యశాస్త్రము ఈ విభజనను వేరొక త్రోవలో చేరుకొన్నది. అమెరికా మనోవైద్యుడు డోనాల్డ్ క్లైన్ 1964లో ప్రకటించిన పరిశీలనలో, ఇమిప్రమిన్ అను మందు హఠాద్భీతిని అరికట్టినను, అది మరల వచ్చునేమో అను ముందుచూపు దిగులును అంతగా తగ్గించలేదు. ఒక మందుకు ఒకటి లొంగి, రెండవది లొంగకపోవుటచేత ఇవి రెండును ఒక్కటి కావని తేలినది. 1980లో అమెరికా మనోవైద్యుల రోగనిర్ణయ గ్రంథపు మూడవ కూర్పు దీనికి ప్రత్యేక స్థానమిచ్చెను. ఒక్కసారి వచ్చినంతమాత్రమున రోగమనరాదు. కారణము లేకుండ పలుమారులు వచ్చి, మరల వచ్చునను భయముగాని, దానివలన నడవడిలో మార్పుగాని నెలరోజులైనను నిలిచినప్పుడే ఆ పేరు తగును. 1986లో ఇంగ్లండులో డేవిడ్ క్లార్క్ వర్ణించిన విషవలయము వీక్స్ చెప్పిన చక్రమునకు మిక్కిలి దగ్గరగా నున్నది. సామాన్య పాఠకుని భాషలో ఆమె ఈ సంగతిని ఇరువది నాలుగేండ్ల ముందే చెప్పినది.

అయినను గ్రంథములో లోపములు లేకపోలేదు. అన్నిటికిని ఎడ్రినలిన్ ఒక్కటే మూలమన్నట్లు సాగిన వివరణ ఇప్పుడు చాలదు. మెదడులో ఎమిగ్డలా అను భాగము రెండు వైపుల చెడిపోయిన ముగ్గురికి 35 శాతము బొగ్గుపులుసు వాయువు గల గాలిని ఒక్కసారి పీల్పించిన ప్రయోగము 2013లో వెలువడినది. వారిలో పామును చూచినను బెదరని స్త్రీ యొకతె కలదు. ముగ్గురికిని హఠాద్భీతి కలిగినది! బయటి ప్రమాదమునకు కలుగు భయమునకును, లోపలినుండి పుట్టు ఈ భయమునకును మెదడులో ఒకటే ద్వారము కాదని ఈ ప్రయోగము సూచించుచున్నది. వీక్స్ ఇది తెలిసి యుండుటకు వీలులేదు. కాని నేటి పాఠకుడు తెలిసికొనవలెను. అందరికిని నయమగునను ఆమె ధీమా కూడ కొంత మితిమీరినది. ఎదుర్కొనుము, ఒప్పుకొనుము, తేలుము, కాలమును గడువనిమ్ము అని ఆమె చెప్పిన నాలుగు మాటలు మంచివే. నీటితో పెనుగులాడక వెల్లకిల తేలువానివలె ఉండుమని మూడవదాని భావము. అయితే ఉబ్బసము, థైరాయిడ్ వికారము, గుండె లయ తప్పుట, మధుమేహమునకు మందు వాడువారికి చక్కెర పడిపోవుట, ఇవియు అచ్చముగా ఇట్లే కనబడవచ్చును. మొదటిసారి వచ్చినప్పుడు వైద్యుని పరీక్ష తప్పదు. ఆటలో పరుగెత్తుచు స్పృహ తప్పిన పిల్లవానిని హఠాద్భీతి యని ఎన్నడును సరిపెట్టరాదు.

ఉపాధ్యాయుడు చేయదగిన పని కొంచెమే. పిల్లలను చుట్టును మూగనీయక, బాధపడు విద్యార్థిని కూర్చుండబెట్టి, నెమ్మదిగా మాటలాడుచు దగ్గర నుండవలెను. కాగితపు సంచిలో ఊపిరి విడిచి పీల్పించు పాత పద్ధతిని నేడు వైద్యులు సమ్మతింపరు. ఆ మరునాడు ఆ విద్యార్థి మరల అదే వరుసలో నిలుచునట్లు చూచుట, ఆనాటి ఉపచారముకంటె ముఖ్యము. సలహా కొరకు 2022లో ప్రారంభమైన టెలీమానస్ వారి ఉచిత ఫోను 14416 కలదు.

ఈ గ్రంథమును తెలుగులోనికి తెచ్చువారు పేరులోని 'నర్వ్స్' అను మాట దగ్గర జాగ్రత్త వహింపవలెను. తెలుగు దేశములో నరముల బలహీనత యనగా గోడలమీది ప్రకటనలు, వీర్యవృద్ధి లేహ్యములు స్ఫురించును. ఆ మాట అట్టమీద కనబడినచో ఏ విద్యార్థినియు ఆ పుస్తకమును ఇంటికి తీసికొనిపోలేదు.