వాన తప్పినా వట్టిపోని చెలక

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ చుట్టుపక్కల ఎర్రచెలకల్లో వానను నమ్మి సాగు చేయక తప్పదు, పూర్తిగా నమ్మడానికీ లేదు. మృగశిరలో పడ్డ వాన ఆరుద్రకు మొహం చాటేస్తుంది. కంకి పాలుపోసుకునే వేళ రావలసిన తడి కోతలనాడు వచ్చి ముంచుతుంది. అందుకే ఇక్కడి సంఘాల ఆడవాళ్లు ఇంట్లో ఏం తినాలో విత్తేనాడే తేల్చుకుంటారు. పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ కూడగట్టిన ఈ సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు. వీళ్ల చేను పనితనాన్ని తీరిగ్గా చూడాలి.

జొన్న, కొర్ర, సామ, పెసర, మినుము, అనుము, నువ్వు, కంది అన్నీ ఒక్క చెలకలోనే. కొత్తవాళ్ల కంటికి కలగాపులగం. కానీ దానికో లెక్కుంది. పెసర రెండు నెలలకే చేతికొస్తుంది. కొర్ర మూడు నెలలకు, జొన్న ఆ వెనక. వేరు లోతుకు దించే కంది మాత్రం చలికాలం దాకా నిలబడుతుంది. నడుమ వాన ఎగ్గొడితే ఒకటి రెండు పంటలు పోతాయి, చేనంతా పోదు. జొన్నచొప్ప పశువులకు, పప్పుజాతుల వేళ్లు తెచ్చే నత్రజని నేలకు.

మరి తొలి గింజ వచ్చేదాకా? గాదె అడుగంటే ఆషాఢ శ్రావణాల్లో ఇంటిని ఆదుకునేవి ఎవరూ విత్తని కూరలు: తుమ్మి, దొగ్గలి, జొన్నచెంచలి. కలుపు తీస్తూ ఒడిలో వేసుకున్న ఆకే పొద్దూకాక రొట్టెలోకి కూర. కలుపుమందు కొట్టిన చేలో ఈ కూర దొరకదు. నాకు అన్నిటికంటే గొప్పగా తోచింది ఈ ఎరుకే. ఏది పీకెయ్యాలో, ఏది తినాలో ఆ వేళ్లకు తెలుసు.

విత్తనం కూడా బయట కొనరు. పేడా మట్టీ కలిపి అలికిన వెదురుబుట్టల్లో బూడిద, వేపాకు వేసి దాస్తారు. లేనివాళ్లు ఉన్నవాళ్ల దగ్గర తెచ్చుకుని, పంటయ్యాక కొంత కలిపి తిరిగి కొలుస్తారు. చౌకబియ్యం రోజుల్లో బీడుపడ్డ చెలకలను మళ్లీ దున్ని, 1990లలో జొన్నలతో సొంత రేషన్ నడిపిందీ వీళ్లే. 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి ఈ సంఘాలకు దక్కింది. న్యాయంగా రావలసిన గౌరవమే.

ఏటా సంక్రాంతి రోజుల్లో పాతపంటల జాతర మొదలవుతుంది. విత్తనాల బుట్టలతో ఎడ్లబండ్లు ఊరూరా తిరుగుతాయి. వీలు చూసుకుని వెళ్లండి. ఏ గింజ ఎన్నాళ్లకు పండుతుందో, ఏది ఎంత ఎండకు ఓర్చుతుందో అడగండి. ఓపిగ్గా చెబుతారు.