‘గ్రూపులు’ – ‘గ్రూప్స్’: అశోక్‌నగర్ వాడుకలో ఒక ఆంగ్లపదపు అర్థపరిణామం

‘గ్రూప్’ అనే పదం ఇంగ్లీషులోకి 17వ శతాబ్ది చివర చిత్రకళా పరిభాషగా ప్రవేశించింది. చిత్రంలోనో శిల్పంలోనో ఒకచోట కూర్చిన ఆకృతుల సముదాయమని దాని తొలి అర్థం. చేర్చి ఉంచడమే అందులో ప్రధానం. హెచ్చుతగ్గుల భావన లేదు. హైదరాబాదులోని చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ ప్రాంతాల ఉద్యోగార్థుల వాడుకలో ఈ పదం దాదాపు వ్యతిరేక దిశలో పరిణమించింది.

తెలుగులో దీనికి రెండు బహువచన రూపాలున్నాయి. అజంతమైన ‘గ్రూపు’ తెలుగు ప్రత్యయం చేరి ‘గ్రూపులు’ అవుతుంది. రక్తం గ్రూపులు, ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ, బైపీసీ వంటి గ్రూపులు, పార్టీలలోని గ్రూపులు అన్నీ ఈ రూపానికి చెందినవే. ఇంగ్లీషు బహువచనంతో యథాతథంగా వచ్చిన ‘గ్రూప్స్’ మాత్రం ఉద్యోగ నియామక పరీక్షలకే ప్రత్యేకించింది. ‘సివిల్స్’, ‘మెయిన్స్’ మాటల సాదృశ్యం దీనికి తోడ్పడి ఉండవచ్చు. రూపం బహువచనమే అయినా ‘గ్రూప్స్ వాయిదా పడింది’ అన్నప్పుడు క్రియ ఏకవచనంలో నిలుస్తుంది. ‘గ్రూపులకు ప్రిపేర్ అవుతున్నాడు’ అంటే నగర కేంద్ర గ్రంథాలయం మెట్ల మీద కూర్చున్న అభ్యర్థికి ఆ మాట కొంత వింతగానే తోస్తుంది. ఒకే పదం రెండు బహువచనాలతో అర్థాలను పంచుకోవడం నిఘంటుకారులు గమనించవలసిన విషయం.

తెలుగు పదాలు లేక ఈ మాట వచ్చిందనడం సరికాదు. గుంపు, జట్టు, ముఠా, బృందం, సమూహం, వర్గం – ఇన్ని ఉన్నాయి. చిక్కు వీటి కొరతలో లేదు. ప్రతిదానికీ అప్పటికే ఒక రంగు అంటి ఉండటంలో ఉంది. గుంపులో క్రమరాహిత్యం, ముఠాలో నేరం, జట్టులో ఆట స్ఫురిస్తాయి. వర్గం సామాజిక శ్రేణులకు స్థిరపడింది. ఏ రంగూ అంటని మాటగా పాలనా వ్యవహారం ‘గ్రూప్’ను నిలుపుకొన్నది. అయితే ఆ తటస్థత ఎక్కువకాలం నిలవలేదు.

అసలు పేరు ‘గ్రూప్-1 సర్వీసెస్’. వాడుకలో ‘సర్వీసెస్’ జారిపోగా, విశేషణమే నామమైంది. మొదట సేవల శ్రేణి, తరువాత దాని పరీక్ష, ఆపైన ఉద్యోగం, చివరకు ‘ఆయన గ్రూప్-1’ అన్నప్పుడు వ్యక్తి – ఇలా లక్షణ మీద లక్షణ పేరుకొన్నది. ఈ లోపం వల్ల కలిగే నష్టం వ్యాకరణానికి మాత్రమే పరిమితం కాదు. 2022 అక్టోబరు 16న జరిగిన ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీ కారణంగా 2023 మార్చిలో రద్దయింది. 2023 జూన్ 11న తిరిగి జరిపిన ప్రిలిమ్స్‌ను అదే ఏడాది సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 503 పోస్టుల పాత నోటిఫికేషనే రద్దై, 563 పోస్టులతో కొత్తది వెలువడింది. మూడు సందర్భాలకూ ‘గ్రూప్-1 రద్దు’ అన్న ఒకే మాట సరిపోతుంది. పరీక్ష మళ్లీ రాయడానికీ, దరఖాస్తు మళ్లీ పెట్టడానికీ మధ్య ఉన్న దూరం అందులో కనిపించదు. హాస్టల్ గదికి నెలనెలా అద్దె కట్టే అభ్యర్థికి ఆ దూరం చిన్నది కాదు.

సంఖ్య చేరడంతో సముదాయం నిచ్చెన అయింది. గ్రూప్-1లో డిప్యూటీ కలెక్టర్, డీఎస్పీ. గ్రూప్-4లో జూనియర్ అసిస్టెంట్. అంకె పెరిగినకొద్దీ హోదా తగ్గుతుంది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో అమలులోకి వచ్చిన షెడ్యూల్డ్ కులాల వర్గీకరణలో ఇదే పదానికి, ఇవే అంకెలకు తారుమారు విలువ ఏర్పడింది. 59 కులాలలో అత్యంత వెనుకబడిన 15 కులాలు గ్రూప్-1 (1 శాతం), 18 కులాలు గ్రూప్-2 (9 శాతం), రిజర్వేషన్ల ప్రయోజనం మెరుగ్గా పొందిన 26 కులాలు గ్రూప్-3 (5 శాతం). ప్రక్రియకు ‘వర్గీకరణ’ అన్న చక్కని పేరు స్థిరపడినా, దాని భాగాలు మాత్రం వర్గాలు కాక గ్రూపులయ్యాయి. వర్గం అన్న మాటకున్న సామాజికార్థం ఇక్కడ అడ్డంకి కాదు, అదే కావలసిన అర్థం. అందుచేత ఈ ఎంపిక సమర్థనీయంగా లేదు.

ఇక ‘గ్రూప్-1లో గ్రూప్-1కు ఎన్ని పోస్టులు?’ అన్నది వ్యాకరణసమ్మతమైన ప్రశ్నే. మొదటి గ్రూప్-1 శిఖరం, రెండవది అట్టడుగు. అశోక్‌నగర్‌లో సందర్భం తెలిసినవారికి ఇది అర్థమవుతుంది. మొదటిసారి నోటిఫికేషన్ చదివే గ్రామీణ అభ్యర్థికి సందర్భం అంత తేలికగా అందదు. తెలుగు ప్రకటనలలో మొదటిదాన్ని ‘గ్రూప్-1 సర్వీసులు’ అని పూర్తిగా రాసి, రెండవదాన్ని ‘ఉపవర్గం-1’ అంటే చాలు. దీనికి కొత్త మాటేదీ కల్పించనక్కరలేదు.