తుపాకీ పెట్టె

పోయిన నెల మా మేనకోడలు వాట్సాప్‌లో మూడు ఫొటోలు పంపింది. "మావయ్యా, వీటిలో ఏది కొనమంటావు?" అని కింద ఒక్క ముక్క. మూడూ తుపాకీ పెట్టెలే. పిల్ల హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారాలు ట్రాప్ షూటింగ్ నేర్చుకుంటోంది. గాల్లోకి ఎగిరే మట్టి పళ్లేలను తుపాకీతో పగలగొట్టే ఆట. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాదు షూటర్ కైనాన్ చెనాయ్ జట్టుతో కలిసి బంగారం, సొంతంగా కంచు తెచ్చినప్పుడు పట్టుకుంది దీనికి ఈ పిచ్చి. ఆటకిచ్చే లైసెన్సు వచ్చింది, తుపాకీ వచ్చింది, పెట్టె దగ్గర ఆగింది.

బంధువుల్లో లైసెన్సు తుపాకీ ఉన్నవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి నన్నడిగింది. నా తుపాకీ కథ తెలిస్తే అడిగేది కాదు.

మా తాతయ్య నర్సీపట్నం వైపు పొలాల్లో అడవిపందులను బెదరగొట్టడానికి లైసెన్సు తీసుకున్న రెండు గొట్టాల పన్నెండు బోరు అది. (పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుళ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో గొట్టం బోలు అంత, అదీ ఆ పన్నెండు లెక్క.) 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక దానికి పని తగ్గింది. నా చేతికొచ్చాక దాని ప్రయాణమల్లా ఒకటే: ఎన్నికలు వస్తే అప్పగించడానికి విశాఖ చినవాల్తేరులోని మా ఇంటి నుంచి పోలీసు స్టేషనుకు, ఎన్నికలు అయ్యాక స్టేషను నుంచి ఇంటికి.

2019 మార్చిలో అలాగే అప్పగించాను. హడావుడిగా, ఆఫీసుకు టైమైపోతోందని, చెమట చేత్తోనే గొట్టాలు పట్టుకుని తాతయ్య నాటి కాన్వాసు కవరులో దూర్చి ఇచ్చేశాను. కవరు లోపల ఉన్ని గుడ్డ. ఓట్ల లెక్కింపు మే 23న. ఆ తర్వాత తెచ్చుకుని ఇంట్లో విప్పి చూస్తే, నల్లగా నిగనిగలాడాల్సిన గొట్టం మీద ఎర్రగా నాలుగు మచ్చలు, రెండో వైపు ఒకటి. చెయ్యి ఆనించి చూసుకున్నాను. నా వేళ్లే. బొటనవేలితో సహా సరిపోయాయి. స్టేషను వాళ్లు కవరు ముడి కూడా విప్పలేదు. తప్పు నాది, నా చెమటది, రెండున్నర నెలలు ఆ ఉప్పు తేమను కడుపులో దాచుకున్న ఉన్నిది.

అందుకని మొదటి ఫొటో చూడగానే వద్దన్నాను. నిజానికి చూడముచ్చటైన పెట్టె. తోలు, ఇత్తడి మూలలు, లోపల ఎర్ర మఖమల్. పొడి గాలి ఉన్న ఊళ్లో అయితే బతుకుతుందేమో. ఇనప చువ్వ వారం రోజులు బయట ఉంటే రంగు మారే ఊళ్లో మఖమలంటే తేమకు పరుపు వేసినట్టే. దానికి తోడు ఆ పెట్టె నాలుగు వీధుల అవతలికి "నాలో ఖరీదైనదేదో ఉంది" అని కేకేస్తుంది. రైలు ప్రయాణానికి అంతకంటే చెడ్డ గుణం లేదు.

అందమైన పెట్టెలంటే గిట్టనివాణ్నని అనుకోకండి. పెట్టెల్లో విశాఖకున్న పేరు చిన్నది కాదు. పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాల్లో ఇక్కడి కంసాలులు గంధపు చెక్క మీద దంతం, కొమ్ము పలకలు అతికి చేసిన పెట్టెలను దొరలు మోజుపడి కొనుక్కుని ఓడలెక్కించారు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో నాకు నచ్చేది పైన చెక్కిన తీగలూ పువ్వులూ కాదు, మూత తీస్తే కనబడే అరలు. కుట్టు పెట్టె అయితే దారపుండకు ఒక గూడు, సూదులకు ఒకటి, అంగుస్తానుకు ఒకటి. ఏ వస్తువూ ఇంకోదానికి తగలదు. దొరసాని చేతిలో ఏముంటుందో కనుక్కుని చేసిన పని అది.

రెండో ఫొటోలోది గట్టి ప్లాస్టిక్, తుపాకీని విప్పకుండా నిలువునా పడుకోబెట్టేది. పిల్ల తుపాకీ గొట్టాలే 32 అంగుళాలు, మడమతో కలిపితే నాలుగడుగులు దాటుతుంది. ఆటోలో అడ్డంగా పెడితే పక్కకు పొడుచుకొస్తుంది, నిలువుగా పెడితే టాపుకు తగులుతుంది. కారున్నవాడి పెట్టె అది. ఈ పిల్ల పండక్కి వాల్తేరు రావాలంటే గోదావరి ఎక్స్‌ప్రెసే.

మూడోది పొట్టిది. ముందు చెక్క ఊడదీసి, మీట నొక్కి విరిస్తే గొట్టాలు ఒకవైపు, మడమ ఒకవైపు విడిపోతాయి. అలవాటైన చేతికి నిమిషం పని. విప్పి పెట్టిన తుపాకీతో ఒక సుఖముంది: గొట్టంలోంచి అవతలి వెలుతురు కనబడుతుంది, ఖాళీ అవునా కాదా అని ఎవరికీ చెప్పనక్కర్లేదు. బహిరంగ స్థలంలో తుపాకీని పూర్తిగా కప్పి, సంచిలోనో ఒరలోనో తీసుకెళ్లాలని 2016 ఆయుధ నియమాలు ఎటూ అంటున్నాయి. తూటాలు మాత్రం ఆ పెట్టెలో వద్దు, చోటున్నా వద్దన్నాను. పాతిక తూటాల డబ్బా దాదాపు కిలో తూగుతుంది. విమానమైతే మనిషికి ఐదు కిలోలు దాటనివ్వరు. అంటే మహా అయితే 125. పోటీ అర్హత రౌండ్లలో పళ్లేలూ సరిగ్గా 125, కాకపోతే ఒక్కో పళ్లేనికి రెండు తూటాలు కాల్చుకోవచ్చు. మొదటి గుండుకే ప్రతి పళ్లెమూ పగిలే మనిషికి తప్ప ఆ మూట చాలదు.

"మరి ఇంటికొచ్చాక పెట్టెలోనే ఉంచేయనా?" అంది.

ఇక్కడ మా బావను పిలవాల్సి వచ్చింది. ఉక్కునగరంలో ఉంటాడు, స్టోర్సులో ముప్పై ఏళ్లు చేశాడు. సముద్రం ఒడ్డున కట్టిన దేశంలోని తొలి పెద్ద ఉక్కు కర్మాగారం కదా, తుప్పు మీద వాళ్లకున్నంత అనుభవం తుపాకులు అమ్మేవాళ్లకు కూడా ఉండదు. "పెట్టి మొయ్యడానికమ్మా, దాచడానికి కాదు" అన్నాడు ఫోనులో. "ఫోము తడి పీల్చిందంటే వదల్దు. ఇంటికెల్లగానే తీసి, తుడిచి, నూనె రాసి బీరువాలో ఎట్టి తాళం ఎయ్." పాత బేరింగుల డబ్బాల్లోంచి దాచిన గోధుమరంగు మైనపు కాగితం రెండు షీట్లు కొరియరు చేశాడు. అందులోంచి వచ్చే ఆవిరి ఇనుము మీద సన్నని పొరగా కూర్చుని తుప్పును ఆపుతుందట. మూసిన పెట్టెలోనే పనిచేస్తుంది, గుడ్డ కవరులో దండగ. 2019లో ఈ మాట నాకెందుకు చెప్పలేదని అడిగితే, "నువ్వడిగితే కదా బావా" అన్నాడు.

మూడో పెట్టె కొంది. వచ్చిన రోజే టేపుతో కొలవమన్నాను. కొలిచింది. పొడవు 86 సెంటీమీటర్లని రాసి ఉంది, అది బయటి కొలత. ఫోము పోను లోపల 80. ఆవిడగారి గొట్టాలు 81. ఐమూలగా పెడితే పడుతుందేమోనని కాసేపు కుస్తీ పట్టి, వెనక్కి పంపేసి పై సైజు తెప్పించుకుంది.

సంక్రాంతికి దాంతోనే దిగింది. తుపాకీ తుడిచి బీరువాలో పెట్టి తాళం చెవి మెళ్లో వేసుకుంది. నేను మేడ మీదికి వెళ్లేసరికి మా చెల్లెలు పెట్టెలోంచి ఫోము ముక్కలు రెండూ ఊడబెరికి ఎండలో పరిచి ఉంచింది, గుమ్మడి వడియాల పక్కనే. కాకులు రాకుండా నన్ను కాపలా పెట్టి, "ఓ గంటాగి తిరగెయ్యాలన్నయ్యా, రెండూనూ" అంది.